డీపిన్ వెయ్యాలా, కైలిన్ వెయ్యాలా? ఫార్మాట్ కొట్టే ముందు గడియారం చూడండి

చైనాలో ఎంబీబీఎస్ చదువుతున్న మా పిన్ని కొడుకు ఒకరోజు రాత్రి ఫోన్ చేశాడు. "అన్నయ్యా, సెకండ్ హ్యాండ్ ల్యాప్‌టాప్ కొన్నా, అందులో విండోస్ లేదు, డీపిన్ అని ఏదో చైనా లినక్స్ ఉంది, ఏ సైట్ తెరిచినా ఎర్ర త్రిభుజం వచ్చి చైనీస్‌లో ఏదో తిడుతోంది. ఫార్మాట్ కొట్టి వేరేది వేసేస్తా, ఏది వెయ్యమంటావ్?" అన్నాడు. చైనా లినక్స్ గురించి నన్ను అడిగేవాళ్లలో చాలామంది ఇలాగే రెండు ప్రశ్నలూ కలిపి అడుగుతారు. ఏది మంచిది అనేది ఒకటి, కనెక్షన్ సురక్షితం కాదని ఎందుకు అంటోంది అనేది రెండోది. రెండోదానికి జవాబు దొరికితే మొదటిదాన్ని సగంమంది అడగరు. ఎలుకలున్నాయని ఇల్లు తగలబెట్టుకునే రకం పని అది, సర్టిఫికెట్ (సైట్ తానెవరో చూపించే గుర్తింపు పత్రం) ఎర్రర్ వచ్చిందని ఓఎస్ మార్చడం.

అయినా ఎంపిక గురించి అడిగారు కాబట్టి నా మాట ముందే చెప్పేస్తా. ఇంట్లో వాడుకునే కంప్యూటర్‌కి ఉబుంటు కైలిన్. చూడ్డానికి అందంగా ఉండాలి, అప్పుడప్పుడు కాస్త గొడవ పడినా ఫర్వాలేదు అనుకుంటే డీపిన్. సరదాగా చూడ్డానికి, అదీ వేరే డిస్క్ మీదో వర్చువల్ మెషీన్‌లోనో, ఓపెన్ కైలిన్. సర్వర్ అయితే అది వేరే కథ, చివర్లో చెప్తా.

ముందు పేర్ల గందరగోళం తీర్చుకుందాం, ఎందుకంటే పాత మెషీన్లు కొనేవాళ్లు ఇక్కడే పడతారు. చైనాలో ఒక్కో లినక్స్ కుటుంబానికీ రెండు మొహాలుంటాయి, ఒకటి కమ్యూనిటీది, ఇంకోటి ఆఫీసులకు అమ్మేది. డీపిన్ కమ్యూనిటీది, దాని వెనకున్న యూనియన్‌టెక్ అనే కంపెనీ అమ్మేది యూఓఎస్. ఓపెన్ కైలిన్ కమ్యూనిటీది, కైలిన్‌సాఫ్ట్ అనే కంపెనీ అమ్మేది వీ10 లాంటి కైలిన్ వెర్షన్లు. డెస్క్‌టాప్ చూస్తే కవలపిల్లల్లా ఉంటాయి గానీ యూఓఎస్‌లో డెవలపర్ మోడ్ ఆన్ చేస్తే తప్ప రూట్ అధికారం, అంటే సిస్టమ్ మీద పూర్తి పెత్తనం రాదు, యాక్టివేషన్ గొడవ కూడా ఉంటుంది. రూట్ లేకపోతే సిస్టమ్‌లో సర్టిఫికెట్ కూడా చేర్చలేరు. కాబట్టి అమ్మేవాడు "డీపిన్ లాంటిదే" అంటే ఆ "లాంటిదే" ఏమిటో సెట్టింగ్స్‌లో సిస్టమ్ పేరు చూపించమని అడగండి.

డీపిన్‌కి వయసు తక్కువేం కాదు. 2004లో హైవీడ్ లినక్స్ అనే పేరుతో మొదలైంది, 2011లో వుహాన్‌లో దానికంటూ కంపెనీ పెట్టారు. మధ్యలో ఉబుంటు మీద, తర్వాత డెబియన్ మీద (రెండూ వేరే లినక్స్‌లే) నడిచి, 2024 ఆగస్టులో వచ్చిన డీపిన్ 23 నుంచి సొంత రిపాజిటరీ (సాఫ్ట్‌వేర్ ప్యాకేజీలు దొరికే చోటు) అంటున్నారు. 2025లో వచ్చిన డీపిన్ 25లో అయితే సిస్టమ్ ఫైళ్లు మామూలుగా ముట్టుకోకుండా తాళం వేసే పద్ధతి కూడా పెట్టారు. తెర మీద దాని అందం గురించి చెప్పక్కర్లేదు, విండోస్ నుంచి వచ్చినవాళ్లు పది నిమిషాల్లో అలవాటు పడిపోతారు. మా అమ్మ కూడా అడిగింది ఇదేం ఫోన్ రా అని.

కానీ భద్రత దగ్గరికొచ్చేసరికి డీపిన్ మీద రెండు మచ్చలున్నాయి, దాచిపెట్టి సలహా ఇవ్వడం నాకిష్టం లేదు. 2018లో డీపిన్ యాప్ స్టోర్ లోపల సీఎన్‌జెడ్‌జెడ్ అనే గణాంకాల ట్రాకర్ ఉందని బయటపడింది, గోల అయ్యాక తీసేశారు. రెండోది ఇంకా పెద్దది. 2025 మేలో ఓపెన్‌సూసే అనే ఇంకో లినక్స్ వాళ్లు డీపిన్ డెస్క్‌టాప్‌నే తమ పంపిణీ నుంచి పీకేశారు. తమ భద్రతా సమీక్ష దాటని భాగాలను, యూజర్‌తో ఒక ఒప్పందం లాంటి పెట్టెలో సరే అనిపించుకుని దొడ్డిదారిన ఇన్‌స్టాల్ చేసే ప్యాకేజీ ఒకటి వాళ్ల రిపాజిటరీలో 2021 నుంచీ ఉందని ఆలస్యంగా గమనించారు. ఆ దొడ్డిదారి వేసింది అక్కడ ప్యాకేజీ చేసినవాళ్లు, డీపిన్ కంపెనీ అనడానికి లేదు. అయితే డీపిన్ భాగాల్లో అధికారాల తనిఖీ సరిగ్గా లేదని ఆ సమీక్షకులు ఏళ్లుగా చెబుతూ వచ్చిన మాట మాత్రం నిజమే. సినిమాలు చూడ్డానికి, అసైన్‌మెంట్లు రాసుకోవడానికి ఇదంతా మీకు అడ్డం కాకపోవచ్చు. బ్యాంకు పని, ఇంటి కాగితాలన్నీ అందులోనే అంటే మాత్రం నేను వెయ్యను.

ఉబుంటు కైలిన్ సంగతి వేరు. చాంగ్షాలోని రక్షణ సాంకేతిక విశ్వవిద్యాలయం, చైనా ఐటీ శాఖ కిందున్న ఒక కేంద్రం, ఉబుంటు కంపెనీ కెనానికల్ కలిసి 2013లో మొదలుపెట్టారు, ఆ ఏప్రిల్‌లో వచ్చిన 13.04 నుంచి ఇది ఉబుంటు అధికారిక రూపాల్లో ఒకటి. అంటే పైన కనిపించే డెస్క్‌టాప్ యూకేయూఐ, లోపల ప్యాకేజీలు చాలావరకు ఉబుంటువే, సెక్యూరిటీ అప్‌డేట్లు ఉబుంటు నుంచే వస్తాయి. ఏ సమస్య వచ్చినా ఉబుంటు కోసం రాసిన పరిష్కారం దాదాపు అలాగే పనిచేస్తుంది, ఇది చిన్న విషయం కాదు, ఎందుకంటే డీపిన్‌కైనా ఓపెన్ కైలిన్‌కైనా లోతైన సమాచారం చైనీస్‌లోనే ఎక్కువ. 24.04 లాంటి ఎల్‌టీఎస్ (ఎక్కువకాలం మద్దతుండే వెర్షన్) తీసుకుంటే డెస్క్‌టాప్‌కి విడుదలైన నాటి నుంచి మూడేళ్ల మద్దతు. అందం డీపిన్ అంత ఉండదు, ఒప్పుకుంటా.

ఓపెన్ కైలిన్ 1.0 2023 జూలై 5న వచ్చింది, మరుసటి ఏడాది 2.0. వేరే పంపిణీ మీద ఆధారపడకుండా మూలం నుంచి కట్టుకున్నామని వాళ్ల గొప్ప, ప్యాకేజీలు మాత్రం డెబ్ రూపంలోనే. చైనా సొంత లూంగ్‌ఆర్చ్ రకం చిప్ మీదో రిస్క్-ఫైవ్ రకం చిప్ ఉన్న బోర్డు మీదో ఆడుకోవాలంటే బాగుంటుంది. మామూలు ల్యాప్‌టాప్‌కి దీన్నే ఎందుకు ఎంచుకోవాలో నాకైతే కారణం దొరకలేదు.

ఇప్పుడు ఎర్ర త్రిభుజం

మావాడికి నేను చెప్పిన మొదటి మాట: చైనీస్ చదవకు, కింద చిన్న అక్షరాల్లో ఇంగ్లీష్‌లో ఉన్న లైన్ చదువు. బ్రౌజర్ ఏ భాషలో ఉన్నా ఆ ఎర్రర్ కోడ్ మారదు. క్రోమియం రకం బ్రౌజర్లలో నెట్ అని మొదలై ఎర్ర్, సర్ట్ అని సాగుతుంది. చివర డేట్ ఇన్‌వాలిడ్ అని ఉంటే తేదీల గొడవ, అథారిటీ ఇన్‌వాలిడ్ అంటే సంతకం పెట్టినవాడు ఎవరో సిస్టమ్‌కి తెలియదు, కామన్ నేమ్ ఇన్‌వాలిడ్ అంటే ఒక సైట్ పేరు అడిగితే ఇంకో సైట్ సర్టిఫికెట్ వచ్చింది. సర్ట్ అనే మాటే లేకుండా కనెక్షన్ రీసెట్ అని ఉంటే అది సర్టిఫికెట్ సమస్యే కాదు, మధ్యలో ఎవరో వైరు తెంచారు. మావాడు చదివింది డేట్ ఇన్‌వాలిడ్. తేదీ ఎంతుందిరా అంటే చూసి, 2021 అన్నాడు.

మదర్‌బోర్డు మీద ఉండే నాణెం సైజు బ్యాటరీ అయిపోయింది, అంతే. ఇందులో ఒక తమాషా ఉంది, గడియారం మొత్తం చచ్చిపోతే 1970 అనో 2000 అనో చూపిస్తే ఎవరైనా వెంటనే కనిపెడతారు, కానీ ఇప్పటి లినక్స్‌లలో సిస్టమ్‌డీ అనే భాగం గడియారం మరీ వెనక్కి పోయిందనిపిస్తే తాను తయారైన తేదీ దాకా దాన్ని ముందుకు నెడుతుంది. అందుకే పాత డీపిన్‌లో 2021 అని, నమ్మబుద్ధయ్యేలా ఒక తేదీ కనిపిస్తుంది, నెలా రోజూ మాత్రమే చూసేవాళ్లకి తట్టదు. ఈ మధ్య జారీ అయిన ప్రతి సర్టిఫికెట్టూ ఆ గడియారానికి "ఇంకా పుట్టనిది". ఇంటర్నెట్ ఉంటే టైమ్ దానంతటదే సరిపోవాలి కదా అంటారా, హాస్టల్ వైఫైలో లాగిన్ పేజీ దాటితే గానీ టైమ్ సర్వర్ దాకా వెళ్లదు, లాగిన్ పేజీ తెరుద్దామంటే గడియారం తప్పు కాబట్టి తెరుచుకోదు. పెళ్లయితే గానీ పిచ్చి కుదరదు, పిచ్చి కుదిరితే గానీ పెళ్లవదు అన్న వ్యవహారం. సెట్టింగ్స్‌లో తేదీ చేత్తో మార్చి, లాగిన్ అయ్యి, తర్వాత ఆటోమేటిక్ సింక్ ఆన్ చేయమన్నాను. ఫార్మాట్ అక్కర్లేకపోయింది, బ్యాటరీ కొనుక్కున్నాడు.

మన దేశంలో వేసుకునేవాళ్లకి ఇంకో రకం తేడా వస్తుంది. ఇన్‌స్టాల్ చేసేటప్పుడు టైమ్ జోన్ షాంఘై అని ఉండిపోయిందనుకోండి, గడియారం రెండున్నర గంటలు ముందు కనిపిస్తుంది. చాలామంది ఏం చేస్తారు, జోన్ మార్చకుండా ముల్లు వెనక్కి తిప్పి మన టైమ్ పెట్టేస్తారు. చూడ్డానికి సరిగ్గానే ఉంటుంది గానీ లోపల ప్రపంచ సమయం రెండున్నర గంటలు వెనకబడిపోయింది. సైట్లు చాలావరకు తెరుచుకుంటాయి, అందుకే ఎవరికీ అనుమానం రాదు. కానీ ఏప్ట్‌తో (ప్యాకేజీలు తెచ్చే కమాండ్) అప్‌డేట్ కొడితే ఒక్కోసారి రిలీజ్ ఫైల్ ఇంకా చెల్లుబాటు కాలేదు, ఇన్ని గంటలు ఆగు అంటుంది, ఫోన్‌లో వచ్చే ఆరంకెల ఓటీపీ యాప్ లాంటిది ఈ కంప్యూటర్‌లో పెట్టుకుంటే ఒక్క కోడూ పనిచేయదు. టెర్మినల్‌లో టైమ్‌డేట్‌సీటీఎల్ అని కొట్టి యూటీసీ (ప్రపంచ సమయం) లైన్ చూడండి, దానికి అయిదున్నర గంటలు కలిపితే మీ చేతి గడియారం రావాలి. రాకపోతే జోన్‌ని కోల్‌కతాకి మార్చి సింక్ ఆన్ చేయండి. విండోస్‌తో పక్కపక్కన వేసుకున్నవాళ్లకి అయిదున్నర గంటల తేడా వస్తే అది వేరే కారణం, విండోస్ మదర్‌బోర్డు గడియారంలో స్థానిక సమయం రాస్తుంది, లినక్స్ దాన్ని యూటీసీ అనుకుంటుంది.

ఇక అథారిటీ ఇన్‌వాలిడ్. ఓఎస్ ఎంచుకోవడానికీ దీనికీ నిజమైన సంబంధం ఉన్నది ఇక్కడే. మీ సిస్టమ్‌లో నమ్మదగిన సంతకందారుల జాబితా ఒకటి ఉంటుంది, ఎక్కువ లినక్స్‌లు ఫైర్‌ఫాక్స్ వాళ్లు, అంటే మొజిల్లా తయారుచేసిన జాబితానే తెచ్చుకుంటాయి. అది పాతబడితే మంచి సైట్లు కూడా దొంగల్లా కనిపిస్తాయి. 2021 సెప్టెంబర్ 30న డీఎస్‌టీ రూట్ సీఏ ఎక్స్3 అనే మూల సర్టిఫికెట్ గడువు తీరినప్పుడు జరిగింది అదే, లెట్స్ ఎన్‌క్రిప్ట్ అనే సంతకందారు ఇచ్చే ఉచిత సర్టిఫికెట్లు వాడే సైట్లు పాత మెషీన్లలో ఒక్కసారిగా ఆగిపోయాయి. పాత వెర్షన్ చైనా లినక్స్‌ని పెన్‌డ్రైవ్ నుంచి వేసుకుని అప్‌డేట్ చేయకుండా వాడేవాళ్లకి ఇప్పటికీ ఆ బెడద ఉంటుంది. సీఏ-సర్టిఫికెట్స్ అనే ప్యాకేజీని తాజా చేస్తే చాలు. అప్‌డేట్ సర్వరే హెచ్‌టీటీపీఎస్ ఎర్రర్ ఇస్తుంటే, తాత్కాలికంగా మిర్రర్ (ఆ అప్‌డేట్ సర్వర్) చిరునామాలో ఎస్ తీసేసి మామూలు హెచ్‌టీటీపీతో ఆ ఒక్క ప్యాకేజీ తెచ్చుకోండి, ఏప్ట్ ప్యాకేజీల సంతకాలను విడిగా సరిచూసుకుంటుంది కాబట్టి దీంట్లో భయం లేదు. గడియారం సరిచేశాకే సుమా.

నమ్మకాల జాబితా అనగానే చైనా విషయంలో పాత కథ గుర్తు చేసుకోవాల్సిందే. 2015లో చైనా ఇంటర్నెట్ సంస్థ సీఎన్‌ఎన్‌ఐసీ ఇచ్చిన అధికారంతో ఈజిప్టులో ఒక కంపెనీ గూగుల్ పేరు మీద దొంగ సర్టిఫికెట్లు పుట్టించింది, గూగుల్, మొజిల్లా రెండూ సీఎన్‌ఎన్‌ఐసీని నమ్మడం మానేశాయి. మరుసటి ఏడాది వోసైన్ అనే చైనా సంతకందారు కంపెనీ వంతు, పాత తేదీలు వేసి సర్టిఫికెట్లు ఇచ్చారని తేలి దాన్నీ పక్కన పెట్టారు. చైనా రైల్వే టిక్కెట్ల సైట్ 12306 అయితే ఏళ్ల తరబడి తన సొంత మూల సర్టిఫికెట్‌ని జనంతోనే ఇన్‌స్టాల్ చేయించింది, పండక్కి ఊరెళ్లాలంటే ముందు ఆ సంతకందారుడిని నమ్మాలి. అందుకే ఎవరైనా ఫలానా సర్టిఫికెట్ ఇన్‌స్టాల్ చేసుకో అని ఫైల్ ఇస్తే నేను ఒకటికి పదిసార్లు ఆలోచిస్తాను. ఆ ఒక్క ఫైల్‌ని మీరు నమ్మితే, దాని రహస్య తాళంచెవి చేతిలో ఉన్నవాడు ఏ సైట్ పేరుతోనైనా మీ ముందు నిలబడగలడు. ఉబుంటు కైలిన్‌కి నేను ఓటు వేయడానికి అసలు కారణం కూడా ఇదే, ఆ జాబితా ఉబుంటు నుంచి వస్తుంది, మార్పు జరిగితే ప్రపంచమంతా చూస్తుంది.

కాలేజీ, ఆఫీసు నెట్‌వర్కుల్లో మాత్రం తప్పదు, మధ్యలో ఫైర్‌వాల్ పెట్టి ప్రతి సైట్ సర్టిఫికెట్టూ తమ సంతకంతో మార్చేస్తారు. ఇంట్లో బాగానే తెరుచుకుని కాలేజీలో మాత్రం ఎర్రర్ వస్తే ఇదే. సైట్ చిరునామా పక్కనున్న గుర్తు నొక్కి సర్టిఫికెట్ ఇచ్చినవాడి పేరు చూస్తే అక్కడ ఫైర్‌వాల్ కంపెనీ పేరో కాలేజీ పేరో ఉంటుంది. వాళ్ల ఐటీ వాళ్ల దగ్గర ఫైల్ చేతికి తీసుకుని పెట్టుకోవచ్చు, బ్యాంకు పనులు మాత్రం మొబైల్ డేటా మీద చేసుకోండి. ఇంకో చిక్కు, సిస్టమ్‌లో చేర్చినంత మాత్రాన అన్నిటికీ అందదు. ఫైర్‌ఫాక్స్‌కి తన జాబితా వేరు, జావాకి వేరు, పైథాన్ ప్యాకేజీలు తెచ్చే పిప్ పాత వెర్షన్లకి వేరు. బ్రౌజర్‌లో వస్తోంది, పిప్‌లో రావట్లేదు అని జుట్టు పీక్కునేవాళ్లకి ఇదీ కారణం. ఈ దశలో విసుగొచ్చి గిట్, కర్ల్ లాంటి కమాండ్లలో సర్టిఫికెట్ తనిఖీయే ఆపేసే ఆప్షన్ పెట్టేసుకుంటారు, చైనీస్‌లోనూ ఇంగ్లీష్‌లోనూ సగం చిట్కాలు అదే చెప్తాయి. తాళం చెవి తిరగట్లేదని తలుపు పీకి పక్కన పెట్టడం అది. చెయ్యకండి.

సైఫర్ మిస్‌మ్యాచ్ (రెండు వైపులకీ తెలిసిన ఉమ్మడి రహస్య భాష దొరకలేదు) అనే ఎర్రర్ చైనా సైట్లలో వస్తే ఇంకో అనుమానం కూడా పెట్టుకోవాలి. చైనాకి సొంత క్రిప్టో ప్రమాణాలున్నాయి, ఎస్ఎం2, ఎస్ఎం3, ఎస్ఎం4 అని, వాటితో నడిచే టీఎల్‌సీపీ అనే ప్రొటోకాల్ 2020లో జాతీయ ప్రమాణం అయ్యింది. అది మాత్రమే మాట్లాడే సర్వర్‌ని మన క్రోమ్, ఫైర్‌ఫాక్స్ తెరవలేవు, ఏ లినక్స్ వేసినా తెరవలేవు. దానికి ఆ ప్రమాణాలు తెలిసిన చైనా బ్రౌజర్ కావాలి. ఒక్క సైట్ కోసమే అయితే ఆ బ్రౌజర్‌ని ఆ సైట్‌కి మాత్రమే వాడండి.

కనెక్షన్ రీసెట్ గురించి చైనాలో ఉన్న మనవాళ్లకి ఎక్కువ చెప్పక్కర్లేదు. హెచ్‌టీటీపీఎస్‌లో కూడా మొదటి పలకరింపులో సైట్ పేరు బయటికే వెళ్తుంది, అక్కడి ఫైర్‌వాల్ ఆ పేరు చూసి నచ్చకపోతే రెండు వైపులకీ తెంపేయమని ప్యాకెట్ పంపుతుంది. ఆ పేరును దాచే ఈఎస్‌ఎన్‌ఐ పద్ధతిని 2020 జూలై చివర్నుంచి అడ్డుకోవడం మొదలుపెట్టారు. 2025 ఆగస్టు 20 అర్ధరాత్రి దాటాక అయితే గంటకు పైగా, చైనా నుంచి బయటికి హెచ్‌టీటీపీఎస్ వాడే 443 పోర్ట్ మీద వెళ్లే కనెక్షన్లన్నీ పేరుతో పని లేకుండా తెగిపోయాయి. ఆ రాత్రి ఎంతమంది సర్టిఫికెట్లు తిరగేసి ఉంటారో. పరీక్ష సులువు, అదే సైట్ ఫోన్‌లో అదే వైఫై మీద తెరవండి, అక్కడా తెగితే మీ ఓఎస్‌ని వదిలేయండి.

సర్వర్ వాళ్లకి రెండు ముక్కలు

సర్వర్లలో బాగా వాడిన ఉచిత లినక్స్ సెంటోస్ 7 కాలం 2024 జూన్ 30తో తీరిపోయింది కాబట్టి చైనాలో ఆ ఖాళీని మూడు నింపుతున్నాయి. హువావే 2019 చివర్లో బయటికి వదిలి, 2021లో ఓపెన్ ఆటమ్ ఫౌండేషన్ అనే చైనా ఓపెన్ సోర్స్ సంస్థకి ఇచ్చేసిన ఓపెన్ ఆయిలర్, అలీబాబా వైపు నుంచి అనోలిస్, టెన్సెంట్ వైపు నుంచి ఓపెన్ క్లౌడ్ ఓఎస్. పాత సెంటోస్ అలవాట్లు, అవే ప్యాకేజీలు కావాలంటే అనోలిస్ 8 దగ్గరగా ఉంటుంది. కొత్తగా మొదలుపెడుతుంటే, ముఖ్యంగా ఆర్మ్ చిప్పుల మీద అయితే, ఓపెన్ ఆయిలర్ ఎల్‌టీఎస్. 20.03, 22.03, 24.03 అని రెండేళ్లకోటి వస్తోంది. ఒక్క జాగ్రత్త, 24.03లో ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ (సురక్షిత కనెక్షన్లు నడిపే భాగం) 3 వరుస ఉంది, పాత సర్వర్లతో మాట్లాడేటప్పుడు అన్‌సేఫ్ లెగసీ రీనెగోషియేషన్ అని మొరాయిస్తుంది. మీ అప్లికేషన్ ఏదైనా పదేళ్ల నాటి యంత్రానికి కనెక్ట్ అవ్వాలంటే ముందు ఒక టెస్ట్ మెషీన్‌లో ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ ఎస్ క్లయింట్‌తో తట్టి చూసుకుని అప్పుడు మారండి. హైదరాబాద్‌లో కూర్చుని చైనా క్లౌడ్‌లో సర్వర్ నడిపేవాళ్లు తప్ప మనవాళ్లకి ఈ మూడింటితో పెద్దగా పని పడదు, సెంటోస్ లాంటిదే అయిన అల్మాలైనక్స్ సరిపోతుంది.

మావాడు ఇప్పటికీ ఆ డీపిన్‌నే వాడుతున్నాడు, కొత్త వెర్షన్‌కి మార్చుకున్నాడు. తెలుగు టైపింగ్‌కి ఎఫ్‌సీటీఎక్స్ అనే టైపింగ్ సాఫ్ట్‌వేర్‌లో ఎం17ఎన్ అనే కీబోర్డుల ప్యాకేజీ వేయించాను, ఫాంట్‌కి నోటో. బ్యాంకు పని మాత్రం ఫోన్‌లో చేసుకోమన్నా. పోయిన వారం మళ్లీ ఫోన్ చేసి, "అన్నయ్యా, మా రూమ్మేట్ ల్యాప్‌టాప్‌లో కూడా ఎర్ర త్రిభుజం" అన్నాడు. కోడ్ చదవమంటే, తనంతట తానే ముందుగా తేదీ చెప్పాడు.